నాన్నకు చెప్పకుండా పద్మినికి పంపు మార్చాను

విశాఖపట్నం మురళీనగర్ నుంచి నలభై రెండేళ్ల పాఠకుడు ఒకరు రాశారు. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం పెద్దది, సారాంశం ఇస్తున్నాను.

వీళ్లింట్లో 1986 నాటి ప్రీమియర్ పద్మిని ఉంది. పోర్టులో మెయింటెనెన్స్ పని చేసి రిటైరైన నాన్నగారు అప్పట్లో కొత్తగా కొన్న బండి. ఇప్పుడాయనకు డెబ్బై ఆరు. ఆదివారం పొద్దున్నే బానెట్ ఎత్తి, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి తుడిచి చూడటం ఆయనకు పూజతో సమానం. కిందటి వేసవి నుంచి ఈ బండి మూడుసార్లు నడిదారిలో ఆగిపోయింది. మొదట సింహాచలం ఘాట్ రోడ్డులో. తర్వాత శృంగవరపుకోట దాటాక అరకు ఘాట్‌లో, భార్య, ఎనిమిదేళ్ల పాప బండిలో ఉండగా. మూడోసారి ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో, మిట్టమధ్యాహ్నం. నాన్నగారి మందు ఎప్పుడూ ఒకటే: ట్యాంకు నుంచి ఇంజిన్‌కు పెట్రోలు అందించే పంపు మీద తడిగుడ్డ వేసి పావుగంట ఆగడం. మూడుసార్లూ బండి మళ్లీ స్టార్టయింది.

మూడోసారి తర్వాత ఈయనకు విసుగొచ్చింది. నాన్నగారు విజయనగరంలో చుట్టాలింటికి వెళ్లిన రోజు చూసుకుని బండిని గాజువాక ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు తీసుకెళ్లారు. అక్కడ ఎలక్ట్రిక్ పంపు బిగించారు. పాత పంపు తీయలేదు. దాని ముందు, బానెట్ లోపలే కొత్తది పెట్టి, స్పార్క్‌కు కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ దగ్గర నుంచి వైరు లాగి కలిపారు. రెండు వారాలు బండి ఎక్కడా ఆగలేదు. ఆ తర్వాత పెట్రోలు వాసన మొదలైంది. ఆదివారం నాన్నగారు డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పై గీత దాటి వేలెడు ఎత్తున ఉంది. వాసన చూశారు, పక్కనే కొత్త పంపు చూశారు. “బండిని చంపేశావురా” అన్నారట. తాళం తీసుకెళ్లి తన బీరువాలో పెట్టుకున్నారు. పది రోజులుగా కొడుకుతో మాటల్లేవు. భార్య “అమ్మేద్దాం” అంటోంది. మెకానిక్ “ఆయిల్ మార్చేస్తే సరి, పాత బండికి ఇవన్నీ మామూలే” అంటున్నాడు.

“ఎలక్ట్రిక్ పంపు ఉంచాలా, పీకేయాలా? నేను చేసింది అంత తప్పా? నాన్నతో ఎలా మాట్లాడాలి?” ఇవీ ఆయన ప్రశ్నలు.

మిగతాదంతా తర్వాత. ముందు ఒక పని చేయండి. ఆ బండిని స్టార్ట్ చేయకండి. ఊరికే తాళం తిప్పి కూడా చూడకండి, మీకు బిగించిన పంపు తాళం తిప్పగానే తిరుగుతుంది. బండి ఉన్నచోట తలుపులు బార్లా తెరిచి, వాసన పోయేదాకా గాలి ఆడనిచ్చి, అప్పుడు బ్యాటరీ ఎర్త్ వైరు విప్పేయండి. మీ నాన్నగారు కోపంతో తాళం దాచారని మీరు రాశారు. ఈ పది రోజులూ మీ ఇంజిన్ బతికి ఉందంటే ఆ కోపం పుణ్యమే.

ఎందుకంటే ఇంజిన్ ఆయిల్‌ను తాగుతుందే తప్ప తయారు చేయదు. డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగిందంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లోకి ఇంకేదో చేరిందన్నమాట. నీళ్లు చేరితే ఆయిల్ పాలు కలిపిన టీ రంగుకి వస్తుంది. మీరు రాసినదాంట్లో రంగు మాట లేదు, పెట్రోలు వాసన ఉంది. పెట్రోలు కలిసిన ఆయిల్ పలచబడి బేరింగుల మీద నిలవదు. అలాంటి ఆయిల్‌తో ఘాట్ ఎక్కితే ఒక్క ప్రయాణంలోనే బేరింగులు పోవచ్చు. అది ఖర్చుతో పోయే సంగతి. చాంబర్‌లో పెట్రోలు ఆవిరి నిండి ఉండటం అంతకంటే పెద్ద ప్రమాదం. “మామూలే” అన్న మెకానిక్ మాట ఇక్కడ చెల్లదు. ఆయిల్ మార్చడం అవసరమే, కానీ పెట్రోలు ఏ దారిన వచ్చిందో కనుక్కోకుండా మారిస్తే కొత్త ఆయిల్‌లోకీ అలాగే వస్తుంది.

ఆ దారులు రెండే. మొదటిది మీ పాత పంపు, మన మెకానిక్‌లు ఏసీ పంపు అనేది. అది ఇంజిన్ పక్కన బోల్టులతో బిగించి ఉంటుంది. లోపల క్యామ్ షాఫ్ట్ తిరిగేటప్పుడు ఒక మీట కదిలి రబ్బరు డయాఫ్రమ్‌ను కిందికి లాగుతుంది, స్ప్రింగు దాన్ని మళ్లీ పైకి తోస్తుంది. డయాఫ్రమ్ పైన పెట్రోలు, కింద ఇంజిన్. మధ్యలో అడ్డం ఆ పలచని రబ్బరు బిళ్ల ఒక్కటే. అది చిల్లు పడితే ఏసీ పంపు ఒంటరిగా ఉన్నప్పుడు జరిగే నష్టం తక్కువ, ఎందుకంటే లాగే బలమే తగ్గిపోతుంది, బండి మొరాయిస్తుంది. కానీ వెనక నుంచి ఎలక్ట్రిక్ పంపు నెడుతుంటే అదే చిల్లులోంచి పెట్రోలు ఆగకుండా చాంబర్‌లోకి దిగుతుంది. ఇంజిన్ ఆగి, తాళం ఆన్‌లో ఉన్నా దిగుతుంది.

రెండో దారి గాలిలో పెట్రోలు కలిపే కార్బరేటర్. అందులో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె నిండగానే నీడిల్ వాల్వు మూసుకోవాలి. ఏసీ పంపు స్ప్రింగు నెట్టే ఒత్తిడికి సరిపోయేలా ఆ వాల్వును చేశారు. ఇలాంటి కార్బరేటర్లకు రెండు మూడు పీఎస్ఐ (ఒత్తిడి కొలత) చాలు. నాలుగు దాటితే నీడిల్ ఓడిపోతుంది, పెట్రోలు పొంగి, సిలిండర్ గోడల వెంట జారి చాంబర్‌కు చేరుతుంది. ఇంజెక్షన్ కార్ల పంపులైతే నలభై పీఎస్ఐ పైన నెడతాయి, వాటిని మీ బండి దరిదాపుల్లోకి రానివ్వకూడదు. మీకు బిగించిన పంపు మీద ఏ ముద్రా లేదని రాశారు. అంటే దాని ఒత్తిడి ఎంతో బిగించినవాడికీ తెలియదు. పైపు మధ్యలో T ఆకారపు జాయింట్ పెట్టి గేజి తగిలిస్తే ఐదు నిమిషాల్లో తేలే విషయం అది.

ఏ దారో తేల్చడానికి బండి స్టార్ట్ చేయక్కర్లేదు. పైపులు విప్పి చివరలకు బిరడాలు పెట్టి, ఏసీ పంపును ఇంజిన్ నుంచి ఊడదీయండి. రెండే బోల్టులు. తిరగేసి మీట ఉన్న వైపు చూడండి. ఆయిల్ జిడ్డు ఉండటం సహజం. పెట్రోలు తడి, పెట్రోలు వాసన ఉంటే డయాఫ్రమ్ పోయినట్టే. నా అనుమానం కూడా దాని మీదే. అదే నిజమైతే మీ కథ మొత్తం తిరగబడుతుంది. బండి మూడుసార్లు ఆగినప్పుడే ఆ డయాఫ్రమ్ నీరసించి ఉండాలి. నీరసించిన డయాఫ్రమ్ సరిగా లాగలేదు, ఎండలో, ఎత్తులో మొదట చేతులెత్తేసేది అదే. వందల్లో అయిపోయే డయాఫ్రమ్ కిట్టు వేయాల్సిన చోట వేలు పెట్టి ఎలక్ట్రిక్ పంపు వేయించారు. అది జబ్బును కప్పిపెట్టి పెట్రోలును లోపలికి నెట్టింది.

ఆ రబ్బరు ఎందుకు పోతుందంటే వయసు ఒకటి, పెట్రోలు ఇంకొకటి. 2023 నుంచి మన బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు రావడం మొదలైంది. 1986లో ఆ రబ్బరును చేసినవాళ్ల ఊహలో కూడా అది లేదు. పాత రబ్బరు ఇథనాల్‌కు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, పగులుతుంది. ఇథనాల్ గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. సముద్రం పక్కన ఉన్న ఊళ్లో, వారానికోసారి కదిలే బండిలో, ట్యాంకు అడుగున తుప్పు పట్టడానికి ఇంకేం కావాలి? కాబట్టి మీరు ఏ పంపు ఉంచినా ట్యాంకు నుంచి కార్బరేటర్ దాకా హోస్ పైపులన్నీ ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించండి, ఆర్9 అని పైపు మీదే రాసి ఉంటుంది. మామూలు నల్ల పైపు కొని “ఇదీ అంతే సార్” అంటే ఒప్పుకోవద్దు.

ఇక తడిగుడ్డ. మీరు దాన్ని పాతకాలపు చాదస్తం అన్నట్టు రాశారు. అది చాదస్తం కాదు. పెట్రోలులోని తేలిక భాగాలు 35, 40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి. ఏసీ పంపు ఇంజిన్‌కు అంటుకుని వేడెక్కుతుంది, పైగా అది వెనక ట్యాంకు నుంచి పెట్రోలును లాగుతుంది. లాగినప్పుడు పైపులో ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే ఇంకా తొందరగా మరుగుతుంది. పైపులో ద్రవం బదులు ఆవిరి బుడగలు నిండుతాయి, పంపు ఆ బుడగలనే నలుపుతూ కూర్చుంటుంది. మన షెడ్లలో ఎయిర్ లాక్ అంటారు గానీ అది గాలి కాదు, ఆవిరి. రెండో గేర్‌లో నెమ్మదిగా ఘాట్ ఎక్కుతుంటే బానెట్ కింద గాలి ఆడదు, అందుకే అక్కడే ఆగుతుంది. తడిగుడ్డ పంపును చల్లబరుస్తుంది, ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది. మీ నాన్నగారు సరిగ్గా చేయాల్సిందే చేశారు.

అయినా ఒక మెలిక ఉంది. పావుగంటలో చల్లబడేది పంపు ఒక్కటే కాదు. ఇగ్నిషన్ కాయిల్, డిస్ట్రిబ్యూటర్‌లోని కండెన్సర్ కూడా చల్లబడతాయి. వేడికి కాయిల్ చచ్చి, చల్లబడ్డాక బతికినా బయటికి కనిపించే లక్షణాలు ఇవే. గుడ్డ వల్ల బండి కదిలిందో, ఆగడం వల్ల కదిలిందో మీ ఇద్దరికీ తెలియదు. ఇంకోసారి ఆగితే రెండు చూడండి. ఎయిర్ క్లీనర్ తీసి, ఎక్సలేటర్ తీగను చేత్తో లాగితే కార్బరేటర్ గొంతులో పెట్రోలు ధార చిమ్ముతోందా? చిమ్ముతుంటే గిన్నెలో పెట్రోలు ఉంది, దోషం పంపుది కాదు, స్పార్క్ వైపు వెళ్లండి. చిమ్మకపోతే ట్యాంకు మూత తిప్పండి. ఉస్సుమని గాలి లోపలికి పోతే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది, ఏ పంపూ ఆ ట్యాంకు నుంచి లాగలేదు. ఇలా పదిహేను రూపాయల దోషానికి పదిహేను వేలు పెట్టిన బళ్లు నేను చూశాను.

ఇప్పుడు ఆ ఎలక్ట్రిక్ పంపు సంగతి. ఆలోచన తప్పు కాదు. బిగించిన తీరు తప్పు. ఎలక్ట్రిక్ పంపుకు లాగడం కంటే నెట్టడం బాగా వచ్చు. దాని చోటు వెనక, ట్యాంకు పక్కన, ట్యాంకు అడుగు మట్టానికి కిందగా, సైలెన్సర్ పైపుకు దూరంగా. అక్కడ పెడితే పైపు పొడవునా పెట్రోలు ఒత్తిడిలో ఉంటుంది, అంత సులువుగా మరగదు. బానెట్ కింద పెడితే అదీ ఏసీ పంపులాగే వేడిలో కూర్చుని మూడు మీటర్ల దూరం నుంచి లాగాలి. మీ పని పూర్తయినట్టు కనిపించడానికి తప్ప ఆ చోటుకు ఇంకో కారణం లేదు.

వైరింగ్ అంతకంటే ఘోరం. కాయిల్ నుంచి కరెంటు తీస్తే స్పార్క్‌కు అందాల్సిన వోల్టేజీ పంపు పంచుకుంటుంది. అది చిన్న సంగతి. పెద్ద సంగతి ఇది: ఏసీ పంపు ఇంజిన్ ఆగగానే తనంతట తాను ఆగుతుంది. 1986లో ఎవరూ దీన్ని సేఫ్టీ అని పిలవలేదు గానీ అది సేఫ్టీయే. మీ కొత్త పంపు తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ నెడుతుంది. బండి గుద్దుకుంది, పైపు తెగింది, ఇంజిన్ ఆగింది, తాళం తిప్పే స్థితిలో మీరు లేరు. అప్పుడు కూడా అది వేడి ఇంజిన్ మీద పెట్రోలు పోస్తూనే ఉంటుంది. ఎవరు ఏం చెప్పినా ఈ వైరింగ్‌తో పాపను ఎక్కించుకోకండి.

మీ ముందున్న దారులు మూడు. ఒకటి, పాత పద్ధతికి తిరిగి వెళ్లడం. ఎలక్ట్రిక్ పంపు తీసేసి, ఏసీ పంపుకు ఇథనాల్‌కు తట్టుకునే కొత్త డయాఫ్రమ్ కిట్టు, పంపుకూ ఇంజిన్‌కూ మధ్య, కార్బరేటర్ కింద వేడి పాకకుండా బేకలైట్ ప్యాకింగ్‌లు మంచివి వేయించడం, పైపును సైలెన్సర్ మేనిఫోల్డుకు దూరంగా తిప్పడం. ఖర్చు తక్కువ, నాన్నగారి బండి నాన్నగారి బండిలాగే ఉంటుంది. కానీ మే నెలలో అరకు ఘాట్ మీద ఆగదని నేను పూచీ ఇవ్వలేను. ఇవాళ్టి పెట్రోలు అప్పటి పెట్రోలు కాదు.

రెండోది పూర్తిగా ఎలక్ట్రిక్‌కు మారడం. ఏసీ పంపు తీసేసి ఆ రంధ్రానికి ప్లేటు, ప్యాకింగ్ వేసి మూసేయాలి. పెట్రోలు చాంబర్‌కు పోయే ఆ దారి దాంతో మూసుకుపోతుంది. కార్బరేటర్ బళ్ల కోసం చేసిన తక్కువ ఒత్తిడి పంపు, దాని ముందు ఒక ఫిల్టర్, రబ్బరు బుష్‌ల మీద బిగింపు, సొంతంగా ఫ్యూజు, బ్యాటరీ నుంచి రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ద్వారా కరెంటు, గట్టి ఎర్త్. ఆ రిలేను తాళం ఒక్కటే నడపకూడదు. ఆయిల్ ప్రెషర్ స్విచ్ ద్వారా గానీ, కాయిల్ నుంచి సిగ్నల్ చూసి ఇంజిన్ తిరుగుతోందో లేదో కనిపెట్టే రకం రిలే గానీ పెట్టించండి. ఇంజిన్ ఆగితే పంపు ఆగాలి. ఆయిల్ ప్రెషర్ స్విచ్ పెడితే సెల్ఫ్ కొట్టేటప్పుడు పంపుకు కరెంటు రావడానికి స్టార్టర్ నుంచి విడిగా ఒక వైరు కావాలి, లేకపోతే ఎండిన కార్బరేటర్‌తో బండి స్టార్టే కాదు. ఢీకొన్నప్పుడు కట్ అయ్యే ఇనర్షియా స్విచ్ కూడా వేయిస్తే మంచిది. ఇంత పని ఓపిగ్గా చేసేది ఆటో ఎలక్ట్రీషియన్, ఇంజిన్ మెకానిక్ కాదు. షెడ్డులో కూర్చుని, అయ్యాక ఒక పరీక్ష చేయించండి: తాళం ఆన్, ఇంజిన్ ఆఫ్. రెండు మూడు సెకన్లలో పంపు చప్పుడు ఆగకపోతే డబ్బులివ్వకండి.

మూడో దారి రెండూ ఉంచుకోవడం. రోజూ ఏసీ పంపే పని చేస్తుంది. వెనక ఎలక్ట్రిక్ పంపు డాష్‌బోర్డు కింద ఒక స్విచ్‌తో, ఘాట్ ఎక్కేటప్పుడు, పదిహేను రోజులు నిలబడ్డ బండికి గిన్నె నింపేటప్పుడు మాత్రమే. ఇది వినడానికి అందరికీ నచ్చే రాజీలా ఉంటుంది. షరతులు చూడండి మరి. డయాఫ్రమ్ కొత్తది అయి తీరాలి, లేకపోతే మళ్లీ మొదటికే వస్తారు. ఆపేసి ఉన్నప్పుడు ఎలక్ట్రిక్ పంపు తనలోంచి పెట్రోలును పోనిచ్చే రకం కావాలి, బిగించకముందే అందులో ఊది చూస్తే తెలుస్తుంది. రిలే, కట్-ఆఫ్ అన్నీ ఇక్కడా ఉండాల్సిందే, ఎందుకంటే ఆ స్విచ్ ఆపడం మీరు మర్చిపోయే రోజు ఒకటి వస్తుంది.

నేనైతే ఈ వేసవికి మొదటి దారిలో వెళ్లి, నగరంలో తిరిగి చూసి, అప్పటికీ ఘాట్‌లో ఆగితే రెండో దారికి వెళ్తాను. ఏటా అరకు వెళ్లి తీరాలనుకునేవాళ్లు నేరుగా రెండోది ఎంచుకున్నా తప్పు పట్టను. ఏ పంపూ తీర్చలేని బాధ ఇంకొకటి ఉందని మాత్రం గుర్తుంచుకోండి. కొండెక్కి బండి ఆపేశాక, గాలి లేక, గిన్నెలోని పెట్రోలే మరిగి కార్బరేటర్‌లోకి పొంగుతుంది. అరగంట తర్వాత స్టార్ట్ కాదు. అప్పుడు ఎక్సలేటర్‌ను పూర్తిగా తొక్కిపట్టి, దాని మీంచి కాలు తీయకుండా సెల్ఫ్ కొట్టండి. పదే పదే తొక్కితే ఇంకా పెట్రోలు పోసినట్టే.

మీ భార్య మాట తేలిగ్గా తీసుకోకండి. ఆవిడ బండి మీద కోపంతో అమ్మేద్దామనలేదు. ఘాట్ రోడ్డు మలుపులో, వెనక లారీలు హారన్ కొడుతుంటే, పాపను ఎత్తుకుని అంచున నిలబడిన మనిషి ఆవిడ. పని పూర్తయి, మీరొక్కరే సింహాచలం రెండు మూడుసార్లు ఎక్కి దిగేదాకా వాళ్లను ఎక్కించనని చెప్పండి. డ్రైవర్ సీటు కింద డ్రై పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఒకటి పెట్టండి. అప్పటికీ ఆవిడ వద్దంటే ఘాట్‌కు టాక్సీలో వెళ్లండి, పద్మినిని బీచ్ రోడ్డుకు ఉంచుకోండి. అమ్మకం సంగతి నాన్నగారు మాట్లాడటం మొదలుపెట్టాక ఆలోచించాల్సింది.

ఇక నాన్నగారు. చేసింది తప్పా అని అడిగారు. పంపు మార్చాలనుకోవడం తప్పు కాదు. ఆయన ఊళ్లో లేని రోజు చూసుకోవడం తప్పు. ఆయనకు కోపం ఎలక్ట్రిక్ పంపు మీద అని మీరు అనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు. పోర్టులో జీవితమంతా మెషిన్లతో గడిపిన మనిషికి ఎలక్ట్రిక్ పంపు అంటే భయమేముంటుంది? పాత మోరిస్ మైనర్లలో కంపెనీవాళ్లే ఎస్‌యూ ఎలక్ట్రిక్ పంపు పెట్టేవారు, తాళం తిప్పగానే టిక్ టిక్‌మనేది. ఆ చప్పుడు ఆయన విని ఉండొచ్చు కూడా, అడగండి. ఆయన్ను నొప్పించింది ఏమిటంటే, నలభై ఏళ్లు తను చూసుకున్న బండికి జబ్బు చేస్తే మీరు ఆయన్ను అడగలేదు, ముక్కూ మొహం తెలియనివాణ్ణి అడిగారు.

“సారీ నాన్నా” అని బయటి నుంచి మొదలుపెడితే ఆ సంభాషణ రెండు నిమిషాల్లో పోట్లాట అవుతుంది. అందుకని ఇలా చేయండి. బ్యాటరీ వైరు విప్పాక, ఏసీ పంపు ఊడదీయడానికి ఆయన సాయం అడగండి. నటన అక్కర్లేదు, ఆ పని మీకంటే ఆయనకే బాగా వచ్చు. ఆయన రాకపోతే మీరే ఊడదీసి, పాత పేపరు పరిచి, ఆయన కుర్చీ ముందు పెట్టండి. స్క్రూడ్రైవర్ కూడా పక్కనే పెట్టండి. పై మూత తెరిచి డయాఫ్రమ్‌ను వెలుతురుకు పట్టి చూస్తే చిల్లు ఉందో లేదో ఆయనే చెబుతారు.

చిల్లు ఉంటే పైన చెప్పినవాటిలో ఏది చేయాలో ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. చాంబర్ ఆయిల్ మొత్తం దించేసి, ఫిల్టర్ మార్చి, ఆయన ఇన్నాళ్లూ వాడిన గ్రేడే పోసి, వారం పాటు రోజూ డిప్‌స్టిక్ చూసే పని ఆయనకే వదిలేయండి. చిల్లు లేకపోతే దోషం కార్బరేటర్ నీడిల్‌ది, ఫ్లోట్ లెవెల్‌ది అయి ఉంటుంది. అప్పుడు మళ్లీ రాయండి. ఈసారి డయాఫ్రమ్ గురించి ఆయన ఏమన్నారో కూడా రాయండి.